వెనక సీటు కింద వాళ్ళు

పాత బళ్ళని కోసి మార్చి కట్టే మా షెడ్డులో, రేకు కొయ్యడానికి గ్యాస్ వెలిగించే ముందు ఒక తంతు ఉంటుంది. కటింగ్ బాబాయి సుత్తితో బండి ఒంటిమీద మూడుసార్లు కొట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తాడు. లోపలంతా చూసి దిగిన మనిషి "ఎవరూ లేరు" అని అందరికీ వినపడేలా చెప్పాలి. ఆ మాట పడితేగానీ మంట పుట్టదు. బండి యజమాని నెత్తిమీద నిలబడి తొందరపెట్టినా అంతే.

ఈ రూలు పెట్టింది మా నాన్న. ఆయన కొత్తగా షెడ్డు తెరిచిన రోజుల్లో ఒక లారీ వెనక భాగం కోస్తుంటే, లోపల టార్పాలిన్ల మధ్య పడి నిద్రపోతున్న క్లీనరు జుట్టు అంటుకుని బయటికి దూకాడట. ప్రాణానికేం కాలేదు కానీ నాన్నకి చాలారోజులు తిండి సహించలేదట. అప్పట్నుంచి ఈ కేక, ఈ జవాబు. నాన్న పోయాక షెడ్డు అన్నయ్య చేతికొచ్చింది. కొత్త గిరాకీ ఎవరొచ్చినా అన్నయ్య ముందు ఈ కథే చెప్తాడు, తను దగ్గరుండి చూసినట్టు. అప్పటికి తను పుట్టనైనా లేదు.

జవాబు చెప్పే మనిషిని నేను. సీట్లు, స్పాంజి, రెక్సిన్, అలా ఇట్టే అంటుకునేవన్నీ కోతకి ముందే పీకి బయట పడెయ్యాలి. అది నా పని. బండిని మార్చి కట్టాక కొత్త సీట్లు కుట్టి బిగించడం కూడా నా పనే. కాబట్టి కోతకి ముందు ఆఖరున బండి దిగేది నేనే, "ఎవరూ లేరు" అనేదీ నేనే. ఆవలించినంత తేలిగ్గా అనేసేదాన్ని. ఒక వేసవిలో మాత్రం ఆ మాట అనలేకపోయాను.

పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాకా కూడా నేను షెడ్డుకి వస్తూనే ఉన్నాను. ఆ వేసవి మొదట్లో ఒక సాయంత్రం పని ముగించుకుని, ఇక అత్తింటికి తిరిగి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఇక్కడ చెప్పను. చెబితే ఇది ఆ ఇంటివాళ్ళ కథ అయిపోతుంది, వాళ్ళకి అంత మర్యాద నేను చెయ్యను.

షెడ్డు వెనకే అన్నయ్య ఇల్లు. రెండు గదులు, ఒక హాలు. ఒక గది అన్నావదినలది. రెండోదాంట్లో గేరుబాక్సులు, హెడ్‌లైట్లు, ఎవరూ తీసుకెళ్ళని స్టీరింగులు. విడిభాగాలకి గది ఉంది, నాకు లేదు. హాల్లో పడుకునేదాన్ని. పొద్దున్నే లేచి పక్క చుట్టి బల్ల కింద దోపేస్తే నేనక్కడ ఉన్న ఆనవాలే ఉండేది కాదు.

నేనొచ్చిన మర్నాడే అన్నయ్య షెడ్డు మధ్యలో నిలబడి మాటిచ్చాడు. వదిన విన్నది, బాబాయి విన్నాడు. వెనక గోడవారగా ఒక పాత బస్సు ఉంది, ఏదో ఫ్యాక్టరీ ఉద్యోగుల్ని మోసి మోసి అలసిపోయింది, ఇంజను తీసేశారు, టైర్లలో గాలి లేదు. "ఆ బస్సు నీది. వానలు పడేలోగా గది చేసిస్తా. రాణీలా ఉండు" అన్నాడు. అన్నయ్యది మంచి మనసే. మాట ఇచ్చేటప్పుడు దానికి ఏ లోటూ ఉండదు.

ఆ మధ్యాహ్నమే సుద్దముక్క పట్టుకుని బస్సెక్కాను. ముందు వరసల సీట్లు ఊడదీసి, ఖాళీ అయిన నేల మీద గీతలు గీశాను. ఇక్కడ మంచం, ఇక్కడ కుట్టుమిషను, ఇక్కడ స్టవ్వు. వెనక వైపు పెద్ద కిటికీ. నా చేతులతో ఎన్నో బళ్ళు కట్టాను. నా కోసం గీసుకున్న మొదటి గీత అది.

ఆ రోజుల్లోనే ఇంకోటి జరిగింది. నేను హాల్లో నేల మీద కూర్చుని ఒక జీపు సీటు కవరు కుడుతున్నాను. వదినకి ఫోనొచ్చింది. అవతల ఎవరో ఇంట్లో ఎవరున్నారని అడిగినట్టున్నారు. "ఎవరూ లేరు, ఒక్కదాన్నే" అంది వదిన, నా కాళ్ళు దాటుకుని వంటింట్లోకి వెళ్తూ. కోపంతో అన్నది కాదు. ఫోన్లో అందరూ అనేదే. నేను షెడ్డులో రోజూ అనేదే. అయినా సూది వేలికి గుచ్చుకున్నా తెలియలేదు.

వెనక సీటు పీకుదామని వెళ్ళిన రోజున చూశాను వాళ్ళని.

బస్సుల్లో ఆఖరున అడ్డంగా ఒకే పొడుగాటి సీటు ఉంటుంది. దాని బోల్టుకి స్పానరు తగిలించానో లేదో కింద నుంచి బుస్సుమంది. పామనుకుని మూడు అంగల్లో ఫుట్‌బోర్డు మీదున్నాను. వంగి టార్చి వేస్తే రెండు ఎర్రటి కళ్ళు. ముంగిస. ఒంటి మీది వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని, ఉన్నదానికి రెట్టింపై, నన్ను మింగేస్తానన్నట్టు చూస్తోంది. పాత స్పాంజి అంతా చీల్చి, పీచు చేసి, పరుపు వేసుకుంది. ఆ పీచు మధ్య కళ్ళింకా తెరవని పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రేకుకి ఎక్కడో తుప్పు తిన్న బొక్క ఉంది, అందులోంచి వచ్చినట్టుంది.

నాకు నవ్వొచ్చింది. నేను స్పాంజి కోసం ఎక్కడెక్కడ బేరాలాడతానో, అది కూర్చున్నచోటే సంపాదించింది. "ఎవరమ్మా నువ్వు, నా ఇంట్లో?" అన్నాను. మళ్ళీ బుస్సుమంది. మంచం దగ్గర నుంచి మిషను దాకా గీసిన గీతలన్నీ ఎవరివో తేల్చుకుందాం రా అన్నట్టు నిలబడింది. స్పానరు జేబులో పెట్టుకుని దిగేశాను. ఆ ఒక్క సీటూ వదిలేశాను.

అన్నయ్యకి చెప్పలేదు. చెబుదామనుకునేలోపే ఒక పొద్దున బాబాయి సిలిండరు దొర్లించుకుంటూ బస్సు వెనక్కి వచ్చాడు. పెద్ద కిటికీ కోత. అన్నయ్య చాక్‌పీసుతో రేకు మీద చతురస్రం గీశాడు. సరిగ్గా ఆ సీటు పైన.

బాబాయి మూడుసార్లు కొట్టాడు. లోపల నుంచి సన్నగా కీచుమన్న చప్పుడు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు" అన్నాను.

బాబాయికి ఒక చెవి సరిగా పనిచెయ్యదు. ఇన్నేళ్ళలో వినని జవాబు కావడంతో రెండో చెవి ఇటు తిప్పాడు. మళ్ళీ చెప్పాను. ఎవరని అన్నయ్య అడిగితే, ముంగిస, దాని పిల్లలు అన్నాను. అన్నయ్య ముందు నవ్వాడు. కర్రతో సీటు మీద నాలుగు తగిలిస్తే అవే పోతాయన్నాడు. పిల్లలకి కళ్ళు తెరుచుకోలేదు, ఎక్కడికి పోతాయన్నాను. తల్లే మోసుకుపోతుందన్నాడు. మోసుకుపోయేదాకా ఆగుదామన్నాను. అక్కడికి నవ్వు ఆగిపోయింది.

"ముంగిసలైతే 'ఉన్నాయి' అనాలి. 'ఎవరూ' అంటే మనుషులే. ఆమాత్రం చదువుకున్నావుగా. ఎవరూ లేరని చెప్పు, అబద్ధం కూడా కాదు."

మాట నిజమే. చిన్నప్పుడు పలక మీద దిద్దిన పాఠమే. మనుషులైతే ఉన్నారు, మిగతావన్నీ ఉన్నాయి. కానీ లెక్కలోకి రాకపోవడం ఎలా ఉంటుందో నాకు ఆ వేసవిలో బాగా తెలిసొచ్చింది. దాన్ని ఇంకొకరికి నా నోటితో నేను చెయ్యను.

"ఉన్నారు" అన్నాను మళ్ళీ, ఈసారి ఇంటిదాకా వినపడేలా.

అన్నయ్య బాబాయి వైపు తిరిగాడు. బాబాయి సిలిండరు తాళం బిగించేస్తున్నాడు. "నాకు వ్యాకరణం తెలీదు అబ్బాయ్. 'ఎవరూ లేరు' అని వినపడితే వెలిగిస్తా. వినపడలేదు" అన్నాడు. తాపీగా పనిముట్లు సర్దుకుని వెళ్ళి ఒక ట్రక్కు బానెట్టు పనిలో పడ్డాడు.

ఆలస్యమయ్యేది నీ గదే, నాకేం పోయింది అన్నాడు అన్నయ్య. అవనీ అన్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో వాటికి పేరు పడిపోయింది, "మీ వాళ్ళు" అని. మీ వాళ్ళు లేచారా, మీ వాళ్ళకి మా కూరలు నచ్చుతాయా అని అన్నయ్య ఎగతాళి. ఎగతాళికైనా "వాళ్ళు" అంటున్నాడు కదా అని ఊరుకున్నాను. వైర్లు కొరికి నన్నూ అన్నయ్యనీ ఏడిపించిన ఎలకలు షెడ్డులో కనపడటం మానేశాయి. ఆ సంగతి మాత్రం అన్నయ్య గమనించనట్టే నటించాడు.

నేను మధ్యాహ్నాలు బస్సులోనే గడిపేదాన్ని. డ్రైవరు సీటు దగ్గర మెట్టు మీద కూర్చుని చేతికుట్టు పని చేసుకునేదాన్ని. తల్లి ముంగిస కొన్నాళ్ళు బుసలు కొట్టి, తర్వాత విసుగెత్తి మానేసింది. నా పక్క నుంచే బయటికి వెళ్ళి, నోట ఏదో కరుచుకుని నా పక్క నుంచే లోపలికి వచ్చేది. నా వైపు చూడను కూడా చూసేది కాదు. అంత నిర్లక్ష్యం నాకెంతో హాయిగా ఉండేది. ఇంట్లోలా ఎవరో నా కోసం పక్కకి జరిగిన ఇబ్బంది లేదు.

ఒకనాడు వదిన చేటలో ఉల్లిపాయలు వేసుకుని ఫుట్‌బోర్డు దగ్గరికొచ్చింది. ముంగిస పిల్లల్ని చూస్తానంది. చూసి, "ఎంత బాగున్నాయే" అని ముక్కున వేలేసుకుంది. తర్వాత నేల మీద గీతలు చూసి ఇవేమిటని అడిగింది. చెప్పాను. మా ఇంట్లో నీకు అంత ఇబ్బందిగా ఉందా అంది. మాట మామూలుగానే ఉంది, మొహం మాడిపోయింది. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"ఆ రోజు ఫోన్లో ఎవరూ లేరన్నావు. నేను నీ కాళ్ళ దగ్గరే ఉన్నాను."

వదినకి గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. "ఊరికే అన్నానే. అందరూ అనే మాటే" అంది.

"తెలుసు. ఊరికే అనేశావు కాబట్టే బాధ."

వదిన చేట తీసుకుని వెళ్ళిపోయింది. అనకుండా ఉండాల్సింది అని నాకేమీ అనిపించలేదు. అనాల్సిందే. మర్నాడు అదే వేళకి మళ్ళీ వచ్చింది, చేట లేకుండా. గీతలన్నీ ఒక్కొక్కటే తొక్కకుండా నడిచి, మంచానికీ మిషనుకీ మధ్య నిలబడింది. "అన్నీ నీకే గీసుకున్నావు. నేనొస్తే ఎక్కడ కూర్చోవాలి?" అని అడిగింది. సుద్దముక్క తీసి మిషను పక్కన చిన్న గడి గీశాను. ఇంకొంచెం పెద్దది గియ్యి, నా కొలతలు నీకు తెలీవా అంది. చెరిపి మళ్ళీ గీశాను.

ఎండలు మండిపోతున్న రోజుల్లో క్యాంటీను నడిపే ఆసామి ఒకాయన వచ్చాడు. బస్సును కదిలే క్యాంటీనుగా మార్పించుకుంటాడట. షెడ్డులో ఉన్న బళ్ళన్నీ చూసి, చివరికి వెనక గోడ దగ్గర ఆగాడు. నా బస్సు రేకుని వేళ్ళతో కొట్టి చూసి, టాపు గట్టిగా ఉందే, ఇంజను నేను పెట్టించుకుంటా అన్నాడు. అన్నయ్య అలవాటు చొప్పున క్లీనరు జుట్టు కథ మొదలుపెట్టాడు. మా షెడ్డులో మనిషుండగా గ్యాస్ వెలగదండీ, అది మా నాన్నగారి మాట అని చెప్తుంటే ఆసామి తల ఊపాడు. నేను కుట్టుపని ఆపి విన్నాను. ఆ కథ అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

ఆసామి వెళ్ళాక అన్నయ్య నా దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. అప్పుడే అర్థమైంది నాకు. నీకు ఇంతకంటే మంచి బండి చూస్తాను, తొందరేముంది, హాల్లో ఉన్నావుగా అన్నాడు. మాటిచ్చావని గుర్తుచేశాను. వానల్లోగా అన్నమాట నిజమే, కానీ ముంగిసకి పురుడు పోస్తూ కూర్చున్నది నువ్వేగా అన్నాడు.

"ఆ బస్సు నేనివ్వను."

"ఇవ్వడానికి నీదా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అరవలేదు. అరిస్తే ఆడపడుచు గయ్యాళిదన్న మాటే మిగులుతుంది, బస్సు మిగలదు. "అలా అయితే నాది కాదని ఆ రోజే బాబాయి ముందు చెప్పాల్సింది" అన్నాను. అన్నయ్య మొహం తిప్పుకున్నాడు. ఆసామికి మాట ఇచ్చేశానని మాత్రం గొణిగాడు. మాటలు ఇవ్వడంలో మా అన్నయ్య చెయ్యి ఎప్పుడూ పెద్దదే.

ఆ రాత్రి తిండి తినబుద్ధి కాలేదు. వదిన ఒకసారి పిలిచి ఊరుకుంది.

మబ్బులు మొదటిసారి కమ్మిన మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళిపోయారు. తల్లి ముందు, వెనక ఒకదాని తోక దగ్గర ఒకటి ముక్కు పెట్టుకుని పిల్లలు, అంతా కలిపి ఒక పొడుగాటి తాడులా ఫుట్‌బోర్డు దిగి, గోడ కింద సందులో దూరి అటు పక్క పొదల్లోకి మాయమయ్యారు. నేను మెట్టు మీదే ఉన్నాను. దిగులేసింది, బాగా వేసింది. దాంతోపాటు ఒక సంగతి కూడా తట్టింది. సుత్తి దెబ్బలకి కదలలేదు వాళ్ళు. వెళ్ళాలనుకున్నప్పుడు వెళ్ళారు.

అన్నయ్యకి ఎలా తెలిసిందో, సాయంత్రానికి హుషారుగా వచ్చాడు. "ఇక ఉన్నారూ లేరు, ఉన్నాయీ లేవు. రేపు ఆసామిని రమ్మన్నాను" అన్నాడు. నేను పలకలేదు. పలకకపోతే ఒప్పుకున్నట్టే అనుకునే మనుషుల్లో మా అన్నయ్య ఒకడు.

పొద్దున్నే విడిభాగాల గదిలోంచి నా కుట్టుమిషను బయటికి లాగాను. కాలితో తొక్కే పాతకాలపు ఇనప మిషను, ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. గడప దగ్గర ఇరుక్కుపోయింది. చెమటలు కక్కుతూ గింజుకుంటుంటే రెండో వైపు తేలికైంది. చూస్తే వదిన. ఎక్కడికని అడగలేదు. ఇద్దరం కలిసి షెడ్డు వెనక్కి మోసుకెళ్ళి, బస్సెక్కించి, సుద్దగీతల మధ్య దించాం. వదిన చేతులు దులుపుకుని, ఆ మూలకి కొంచెం జరుపు, గీత దాటింది అని చెప్పి వెళ్ళిపోయింది.

బాబాయి సిలిండరు వచ్చింది. ఆసామి వచ్చాడు, చేతిలో టేపు పట్టుకుని. నేను మిషను ముందు కూర్చుని ఒక కవరు అంచు కుట్టడం మొదలుపెట్టాను. తొక్కుతుంటే బస్సంతా గడగడమంది. ఇంజను తీసేసిన తర్వాత ఆ బస్సు చప్పుడు చెయ్యడం అదే మొదలు.

మూడు దెబ్బలు పడ్డాయి.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

పాదం ఆపాను. బాబాయికి వినపడే చెవి ఎటువైపు ఉందో తెలుసు కాబట్టి ఆ కిటికీ దగ్గరికి వంగి చెప్పాను.

"ఉన్నాను."

దిగమని అన్నయ్య అన్నాడు. నేను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. ఆవిడ మీ చెల్లెలేగా, దిగమనండి, నాకవతల పనుంది అన్నాడు ఆసామి. బాబాయి గ్యాస్ గొట్టం భుజాన వేసుకుని చెట్టులా నిలబడ్డాడు. చివరికి అన్నయ్య ఇంటివైపు తిరిగి వదినని కేకేశాడు, దీనికి నువ్వైనా చెప్పు అని.

వదిన చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అన్నయ్యని దాటుకుని, ఆసామిని దాటుకుని, బస్సెక్కింది. నేల మీద తన గడి వెతుక్కుని, దాంట్లో బాసింపట్టు వేసుక్కూర్చుంది. కిటికీలోంచి అన్నయ్యని చూసి చాలా మామూలుగా అంది.

"ఇప్పుడు ఇద్దరం ఉన్నామండీ. మామయ్యగారి రూలేదో ఆయనకి చెప్పండి. బాగా చెప్తారుగా."

అన్నయ్య ఫుట్‌బోర్డు దాకా వచ్చాడు. తిడతాడనుకున్నాను. తల లోపలికి పెట్టి నన్ను చూశాడు, మిషనుని చూశాడు, నేల మీద గీతల్ని చూశాడు. అన్ని రోజులుగా అవి అక్కడే ఉన్నాయి, తను ఎప్పుడూ లోపలికి రాలేదు. వెనక సీటు కింద పీచు పరుపు వైపు కూడా ఒకసారి చూశాడు. అప్పుడు ఆసామి వెనక నుంచి, ఆడవాళ్ళ మాటకి పనాపుకుంటారా అన్నాడు. ఆయన ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు.

అన్నయ్య తల బయటికి తీశాడు. "మీకు ఇంకో బండి చూస్తానండీ. ఈ బండి ఖాళీ లేదు" అన్నాడు.

ఆసామి టేపు చుట్టుకుని చాలా మాటలే అన్నాడు. అన్నయ్య అన్నీ పడ్డాడు. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. క్షమాపణ నేనడగలేదు, తను చెప్పనూ లేదు. మా ఇంట్లో అలాంటివి చెప్పుకునే అలవాటు లేదు. మొదటి వాన పడ్డ మర్నాడు మాత్రం పొద్దున్నే బస్సు వెనక ఎవరో రేకు మీద గీస్తున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే అన్నయ్య, చాక్‌పీసుతో. పాత చతురస్రం వానకి కొట్టుకుపోయింది. ఈసారిది దానికంటే పెద్దదిగా ఉంది.

మిషను మీద తడిగోనె కప్పి, వెనక సీటు ఊడదీసి, పీచు పరుపు జాగ్రత్తగా ఎత్తి గోడ సందులో పెట్టాను, కావాలంటే తీసుకుంటారని. మూలమూలా చూసి దిగాను. బాబాయి మూడుసార్లు కొట్టి చెవి నా వైపు తిప్పాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఇప్పుడు లేరు బాబాయ్" అన్నాను. "సాయంత్రానికి ఉంటారు."